ఎంమ్యాప్ చేసిన ఫైల్లో 32 బైట్ల పాత డేటా: లాక్ తప్పా, క్యాష్ తప్పా?

ప్రశ్న:
మిప్స్ ప్రాసెసర్ బోర్డు, ఒకటే కోర్, లినక్స్. డీ-క్యాష్ (డేటా క్యాష్) 32 కేబీ, 4-వే (నాలుగు సమాన భాగాలు), లైను 32 బైట్లు, రైట్-బ్యాక్ (రాసింది ముందు క్యాష్‌లోనే ఉండి, తర్వాత మెమరీకి వెళ్తుంది); ఇండెక్స్ (లైను ఏ సెట్లో ఉండాలో చెప్పే బిట్లు) వర్చువల్, ట్యాగ్ (అది ఏ అడ్రసు డేటానో చెప్పే గుర్తు) ఫిజికల్. పేజీ 4 కేబీ. సొంత ఫైల్‌సిస్టమ్ కోడ్ కెర్నల్ అడ్రసు మీదుగా పేజీలోకి మెమ్‌కాపీ చేస్తుంది. ఆ ఫైలును ఎంమ్యాప్‌తో మ్యాప్ చేసుకున్న (ఫైలు పేజీలను నేరుగా తన మెమరీ అడ్రసుల్లోకి తెచ్చుకున్న) ప్రోగ్రాముకు అప్పుడప్పుడు మధ్యలో 32 బైట్లు పాతవే కనిపిస్తున్నాయి. ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో సందేశం రాసే ఫంక్షన్) పెడితే తప్పు మాయం. బారియర్లు (చదవడం, రాయడం వరస మారకుండా ఆపే ఆజ్ఞలు) పెట్టినా తప్పు పోలేదు.

జవాబు 1:
లాక్ కాదండి. తేడా సరిగ్గా లైను సైజులో వస్తోందంటే ముందు క్యాష్‌నే పట్టుకోవాలి. ఒక్కో వే 8 కేబీ, కాబట్టి ఇండెక్స్‌కు 5 నుంచి 12 దాకా బిట్లు కావాలి. పేజీ ఆఫ్‌సెట్ (పేజీ లోపలి స్థానం) 11వ బిట్‌తోనే అయిపోతుంది; 12వది వర్చువల్ అడ్రసు నుంచి వస్తుంది. అది కెర్నల్ అడ్రసులో 0, యూజర్ అడ్రసులో 1 అయితే ఒకే ఫిజికల్ లైను రెండు వేర్వేరు సెట్లలో ఉంటుంది. మీరు రాసింది ఒకదాంట్లో డర్టీగా (ఇంకా మెమరీకి వెళ్లకుండా) ఉండిపోతే, ప్రోగ్రాము రెండోదాంట్లోంచి చదువుతుంది. బారియర్ వరస కాపాడుతుందే గాని లైన్లను ఖాళీ చేయదు. ప్రింట్‌కే మాత్రం ఆ లైన్లను బయటికి నెట్టేస్తుండొచ్చు, మాయం కావడం వెనక సంగతి అదే కావచ్చు.

రెండు అడ్రసుల 12వ బిట్ అప్పటికి ఒక బఫర్‌లో దాచి, తర్వాత చూడండి. అవి వేరైనప్పుడే తప్పు వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మెమ్‌కాపీ తర్వాత ఫ్లష్_డీక్యాష్_పేజ్ (పేజీ తాలూకు క్యాష్ లైన్లను మెమరీకి పంపే కెర్నల్ ఫంక్షన్) పిలవండి. సొంతంగా ఉట్టి ఇన్‌వాలిడేట్ (మెమరీకి రాయకుండానే లైన్లను కొట్టేయడం) మాత్రం రాయకండి, డర్టీ డేటా గల్లంతవుతుంది. రైట్‌బ్యాక్-ఇన్‌వాలిడేట్ (ముందు మెమరీకి రాసి, తర్వాత కొట్టేయడం) కావాలి.

జవాబు 2:
ఇంకోటి. రెండు ప్రోగ్రాములు మ్యాప్_షేర్డ్‌తో (ఒకే ఫైలు పేజీలను పంచుకునే మ్యాపింగ్‌తో) రాసుకుంటుంటే, ఇద్దరి అడ్రసులకూ రంగు కలవాలి, అంటే 12వ బిట్ ఒకటే ఉండాలి. రంగు కలవని మ్యాప్_ఫిక్స్‌డ్‌కు (ఫలానా అడ్రసులోనే మ్యాప్ చేయమని అడగడానికి) ఈఇన్‌వాల్ (చెల్లని విలువ అనే ఎర్రర్) ఇవ్వడమే సరైన పని. పేజీని 16 కేబీ చేస్తే ఈ గొడవంతా పోతుంది. కాకపోతే 4096 అని నేరుగా రాసుకున్న ప్రోగ్రాములు చెడతాయి, చిన్న ఫైళ్లకు మెమరీ వృథా.

ప్రశ్న అడిగినవారు:
12వ బిట్టే, నిజం. ఫ్లష్ పెట్టాక బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. సెట్‌పేజ్‌అప్‌టుడేట్ (పేజీలో డేటా సిద్ధమని గుర్తు పెట్టడం), పేజీ అన్‌లాక్ అయ్యాక ఫ్లష్ చేస్తున్నాను.

జవాబు 1:
అదే సందు. అప్‌టుడేట్ అయిన క్షణం నుంచి పేజీ ఫాల్ట్ (ఇంకా మ్యాప్ కాని పేజీని తాకడం) వచ్చిన ప్రోగ్రాము పేజీని మ్యాప్ చేసుకుని, తన రంగులో పాత లైన్లు నింపుకోగలదు. వరస ఇలా ఉండాలి: మెమ్‌కాపీ, ఫ్లష్, సెట్‌పేజ్‌అప్‌టుడేట్, అన్‌లాక్. ఆ పేజీకి ఇంకా యూజర్ మ్యాపింగ్ లేకపోతే లినక్స్ ఫ్లష్‌ను వాయిదా వేసి పేజీ మీద గుర్తు పెడుతుంది, పీటీఈ (పేజీ టేబుల్ ఎంట్రీ) పెట్టేటప్పుడు ఫ్లష్ చేస్తుంది. కాబట్టి ముందే పిలిచినందుకు పెద్ద ఖర్చేమీ ఉండదు.