జనరేటర్ ట్రాలీ లాగాలి, ఇంట్లోవాళ్లనీ తిప్పాలి: వీ-క్రాసా, హైలక్సా?

ప్రశ్న (మొగల్తూరు దగ్గర నుంచి):

నమస్కారమండి. మాకు ఇక్కడ నాలుగు వనామీ రొయ్యల చెరువులు, గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు రెండు లీజు చెరువులు ఉన్నాయి. చక్రాల మీద తిరిగే జనరేటర్ మాత్రం ఒక్కటే. ట్రాలీ, పైన కప్పి ఉండే కెనోపీ అన్నీ కలిపి కాటా వేయిస్తే 1,140 కిలోలు తూగింది. ఎక్కడ కరెంటు ఇబ్బంది ఉంటే అక్కడికి బాబాయి గారి ట్రాక్టర్‌తో లాక్కెళ్తుంటాం. పోయిన నెల రాత్రి రెండు గంటలకి కరెంటు పోయింది. ఆ టైముకి ట్రాక్టర్ వేరే ఊళ్లో ఉంది. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోయాక టార్చి వేసి చూస్తే రొయ్యంతా గట్టు వారకి వచ్చేసి మీసాలు పైకి పెట్టి తిరుగుతోంది. ఆ పంటలో ఏం మిగిలిందో అడక్కండి.

అందుకే సొంతానికి పికప్ కొందామని. అదే బండి ఇంటికీ కావాలి. పిల్లల్ని భీమవరం స్కూల్లో దింపాలి, అమ్మని నెలకోసారి రాజమండ్రి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇసుజు వీ-క్రాస్ 4x4 మాన్యువల్, టయోటా హైలక్స్ చూశాను. కొటేషన్లలో హైలక్స్ దాదాపు ఐదు లక్షలు ఎక్కువ. మేత బస్తాలు కూడా వేసుకోవచ్చని ఆశ. ఏది తీసుకోమంటారు?

రావులపాలెం నుంచి:

హైలక్స్, కళ్లు మూసుకుని. అదే 2.8 ఇంజను ఫార్చ్యూనర్‌లోనూ ఉంది కాబట్టి మెకానిక్‌లకి చేతి అలవాటు. రేపు అమ్మినా రేటు వస్తుంది.

పాలకొల్లు నుంచి:

ఈ రెండూ ఎందుకన్నా? బొలెరో క్యాంపర్ కొనుక్కుని, మిగిలిన డబ్బుతో ఇంకో జనరేటర్ తీసుకో. ఏ గట్టు జనరేటర్ ఆ గట్టుకే ఉంటుంది, లాగే పనే ఉండదు.

ప్రశ్న అడిగినవారు:

మా ఆవిడా ఇదే అంది తమ్ముడూ. రెండో జనరేటర్ వచ్చే పంటకి చూద్దాం. క్యాంపర్‌లో అమ్మని రాజమండ్రి దాకా తీసుకెళ్తే నడుం నొప్పికి కొత్త డాక్టర్‌ని వెతకాలి.

అమలాపురం నుంచి:

రెండూ లాగుతాయండి, దాని గురించి టెన్షన్ వద్దు. నా భయమల్లా ఆపడం గురించే.

వీ-క్రాస్‌ది 1.9 లీటర్ల ఇంజను, 163 పీఎస్ పవర్, 360 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం). హైలక్స్‌ది 2.8 లీటర్లు, 204 పీఎస్, టార్క్ మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 500. కాగితం మీద తేడా పెద్దదే. కానీ మన డెల్టాలో ఎక్కడానికి కొండేదండీ? వంతెన, కాలువ గట్టు, బళ్లని ఏరు దాటించే పంటు ర్యాంపు, అంతే. మీ 1,140 కిలోలకి 360 ఎన్‌ఎం చాలు.

విదేశీ వీడియోల్లో హైలక్స్ 3,500 కిలోలు లాగుతుందని చూపిస్తారు. ట్రాలీకి సొంత బ్రేకులు ఉంటేనే ఆ లెక్క. బ్రేకుల్లేని ట్రాలీకి అక్కడ కూడా 750 కిలోలే హద్దు. మీ ట్రాలీకి బ్రేకులు ఉన్నాయా? ట్రాక్టర్ కోసం చేయించింది కాబట్టి ఉండవనే అనుకుంటున్నా.

నాకు జరిగింది చెప్తాను. ఇంతకన్నా చిన్న జనరేటరే, పాత పికప్‌కి తగిలించి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించబోయాను. నీళ్లు పాటు మీద ఉన్నాయి, ర్యాంపు ఏటవాలుగా ఉంది, పైగా తడి. బండి బ్రేకు తొక్కాను, ట్రాలీ మాత్రం ఆగలేదు. వెనకనుంచి నెట్టుకొచ్చి, బండి తోకని పక్కకి తోసి, అది అడ్డం తిరిగింది. పంటు మీదున్న కుర్రాళ్లు చక్రాల కింద దుంగలు వేయబట్టి నీళ్లలో పడలేదు. తర్వాత చూస్తే హుక్ సగం ఊడి ఉంది. వెల్డింగు దగ్గర వెంట్రుకంత పాత పగులు, లోపలంతా తుప్పు. పైన పెయింటు వేసి ఉండటంతో అన్నాళ్లూ కనపడలేదు. ఆ షెడ్డు వాణ్ణి ఏమనాలి, బంపర్ క్లాంపుకే అతికించెయ్యమని చెప్పింది నేనే, చవగ్గా అయిపోతుందని.

కాబట్టి ముందు ట్రాలీ సంగతి చూడండి. నెట్టుకొచ్చినప్పుడు దానంతటదే పడే బ్రేకు ఉంటుంది, ఓవర్‌రన్ బ్రేకు అంటారు, అది పెట్టించండి. హుక్ చాసిస్‌కి బోల్టులతో బిగించాలి. రెండు గొలుసులు అడ్డంగా, కత్తెరలా వేయండి. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్, వెనక లైట్లు ఉండాలి. జనరేటర్‌ని ఇరుసుకి కొంచెం ముందుకు జరిపి కూర్చోబెట్టండి, మొత్తం బరువులో పదో వంతు హుక్ మీద పడాలి. అంటే మీకు 110 కిలోల పైచిలుకు. బరువు వెనక్కి ఉంటే హైవే మీద ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది.

ఆ 110 కిలోలు బండి మోసే బరువులోకే వస్తాయి, ఇది చాలామంది మర్చిపోతారు. ఆర్సీలో మొత్తం బరువు నుంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మీ చేతిలో ఉన్నది. అందులోంచి ఇంట్లో ఐదుగురినీ, హుక్ బరువునీ తీసేయండి. ఇంక మేత బస్తాలకి ఏం మిగులుతుంది? బస్తా 25 కిలోలు, పది వేస్తే పావు టన్ను. ఈ రెండూ షోకు పికప్‌లండీ, 1.7 టన్నుల బొలెరో పికప్‌తో పోల్చకండి. మేతకి ఎప్పటిలా కిరాయి బండే పిలవండి.

రెండింటిలోనూ 4x4, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం, మనం వేస్తేనే పనిచేస్తుంది. తడి రేగడి మీద 4హెచ్ (మామూలు వేగం 4x4) వేయండి. పంటు ర్యాంపు కిందికి దిగేటప్పుడు 4ఎల్ (నెమ్మది 4x4), ఒకటో గేరు వేసి క్లచ్ మీంచి కాలు తీసేయండి, ఇంజనే పట్టుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద మాత్రం 4x4 వేసి తిప్పకండి, గేర్లు బిగుసుకుంటాయి. బండితో వచ్చే హైవే టైర్లు రేగట్లో పది గజాలు వెళ్లేసరికి గాళ్లు పూడిపోయి బూరెల్లా నున్నగా అయిపోతాయి. ఆల్ టెరైన్ టైర్లకి డబ్బు పక్కన పెట్టుకోండి.

ఇంకోటి, బీఎస్-6 డీజిల్. ఇంటికీ చెరువుకీ మూడు కిలోమీటర్లు రోజుకి నాలుగుసార్లు తిరిగితే సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, నిండిపోతుంది. అది కాలి శుభ్రపడాలంటే వేడెక్కాలి. వారానికోసారి 216 హైవే ఎక్కి ఓ అరగంట ఆపకుండా తోలండి. ఏ బండి కొన్నా ఈ పని తప్పదు.

నేనైతే వీ-క్రాస్ తీసుకుని, మిగిలిన డబ్బులో కొంత ట్రాలీ బ్రేకులకీ టైర్లకీ పెడతాను. రెండు షరతులు. ఒకటి, సర్వీసు సెంటర్ మీ ఊరికి ఎంత దూరమో చూసుకోండి, రోజంతా పోయేటట్టుంటే రావులపాలెం వారి మాటే రైటు. రెండు, రేవులో రోజూ వెనక్కి తోలే పని ఉంటే మాన్యువల్ క్లచ్ కాలిపోతుంది, అప్పుడు ఆటోమేటిక్ చూడండి.

రావులపాలెం నుంచి:

అంతా ఒప్పుకుంటాను గానీ, హైలక్స్‌లో వెనక డిఫరెన్షియల్ లాక్ వస్తుంది, వెనక చక్రాలు రెండింటినీ కలిపి తిప్పుతుంది. ఒక చక్రం గాల్లో తిరుగుతూ రెండోది బురదలో నిలబడిపోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. మీరు చూసిన వేరియంట్‌లో ఉందో లేదో అడగండి.

అమలాపురం నుంచి:

నిజమే, ఆ ఒక్కటీ దానికే. అయినా ట్రాలీ తగిలించి అంత బురదలో దిగితే లాక్ ఉన్నా మళ్లీ ట్రాక్టరే రావాలి. మొగల్తూరు వారూ, గట్ల మధ్య మీ గేటు ఎంత వెడల్పండి? రెండు బళ్లూ 1,860 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా, అంటే ఆరడుగుల పైన ఉంటాయి. అద్దాలు వేరే.

ప్రశ్న అడిగినవారు:

పొద్దున్నే టేపు పట్టుకుని వెళ్లానండి. ఇక్కడ గేట్లు ఎనిమిది అడుగులు. లీజు చెరువుల దగ్గర ఏడే, అద్దాలు మడిస్తే పడుతుంది. కానీ లోపలికెళ్లాక తిప్పడానికి చోటు లేదు, ఏటి గట్టు దాకా వెనక్కే రావాలి. రేవు పని నెలకి రెండుసార్లకి మించదు, తొందర లేనప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టి వెళ్తాం. సర్వీసు సెంటర్‌కి గంటన్నర, ఫర్వాలేదు. వీ-క్రాస్‌కే అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్నా.

ట్రాలీ కింద పడుకుని చూశాను, మీరన్నట్టే బ్రేకుల్లేవు. ఆ ఓవర్‌రన్ బ్రేకు బిగిస్తే వెనక్కి నెట్టేటప్పుడు కూడా పట్టేసుకోదా?

అమలాపురం నుంచి:

పట్టేసుకుంటుంది. అందుకే వెనక్కి తోలేటప్పుడు బ్రేకు పడకుండా ఆపే పిన్ను ఉన్న రకం అడగండి. గేట్లోంచి బయటికి రాగానే ఆ పిన్ను తీయడం మర్చిపోకండి. తీయకపోతే ఎదరకి వెళ్లేటప్పుడు బ్రేకు లేనట్టే.