అప్‌డేట్: అలసిన కాంతి, మా బాబాయి

విశ్వం వ్యాకోచించడం లేదనీ, దూరం నుంచి వచ్చే కాంతి దారిలో శక్తి కోల్పోయి ఎర్రబడుతుందంతేననీ బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా బాబాయి వాదిస్తున్నారని, ఏమని జవాబు చెప్పాలని అడిగాను కదా. మీ సమాధానాలన్నీ ఆయన ముందు పెట్టాను.

1929లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్విక్కీ కూడా ఇదే ప్రతిపాదించాడనగానే ఆయన ముఖం వెలిగింది. సూపర్నోవాల (పేలిపోయే నక్షత్రాల) దగ్గరకు వచ్చేసరికి ఆ వెలుగు కాస్త తగ్గింది. రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎంత ఎర్రబడిందో చెప్పే కొలత) 0.5 వద్ద ఉన్న టైప్ 1ఎ రకం సూపర్నోవా మనకు ఒకటిన్నర రెట్లు నెమ్మదిగా వెలిగి ఆరుతున్నట్టు కనిపిస్తుంది. విశ్వం వ్యాకోచిస్తే అలాగే కనిపించాలి. ఊరికే కాంతి అలిసిపోతే రంగు మారాలి గానీ గడియారం ఎందుకు నెమ్మదించాలి? బాబాయి కాఫీ తెప్పించారు, జవాబు మాత్రం చెప్పలేదు.

తర్వాత, విశ్వం తొలినాటి వేడికి గుర్తుగా చెప్పే, ఆకాశమంతా నిండిన నేపథ్య వికిరణం కూడా ధూళి వేడెక్కి వదిలిన నక్షత్రకాంతే అన్నారు. శాస్త్రవేత్తలు హాయిల్, బర్బిడ్జ్, నార్లీకర్ సన్నని ఇనుప సూదుల ధూళిని ప్రతిపాదించారు గనుక దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ కోబే ఉపగ్రహం కొలిచిన 2.725 కెల్విన్ల వర్ణపటం దాదాపు పరిపూర్ణ కృష్ణవస్తువుది, అంటే ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న వస్తువు వెదజల్లేలాంటిది; చెదురుమదురు ధూళి నుంచి అలా రావడం కష్టం. పైగా 2000లో ఖగోళ శాస్త్రవేత్త శ్రీఆనంద్ బృందం, రెడ్‌షిఫ్ట్ 2.34 వద్ద ఉన్న వాయుమేఘంలో వికిరణ ఉష్ణోగ్రత 6, 14 కెల్విన్ల మధ్య ఉందని తేల్చింది. విశ్వం చిన్నగా ఉన్న ఆ కాలంలో అది ఇప్పటికంటే వేడిగా, 9.1 కెల్విన్లు ఉండాలని వ్యాకోచ సిద్ధాంతం చెబుతుంది.

బాబాయి ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం నెహ్రూ ప్లానెటోరియంకు వెళ్లి అక్కడివాళ్లనే అడుగుతారట, నన్నూ రమ్మన్నారు.