స్టార్ కౌంటీలో పాత ఓటర్లే మనసు మార్చుకున్నారా?

అందరికీ నమస్కారం. అమెరికా మైనారిటీ ఓటర్లు పార్టీలు మారడం మీద సెమినార్ పేపర్ రాస్తూ ఒకచోట ఇరుక్కుపోయాను. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

నల్లజాతి ఓటర్ల కథ వరకు ఇబ్బంది లేదు. లింకన్ పార్టీ అని తరాలుగా రిపబ్లికన్లకు వేసినవాళ్లు, 1932లో కూడా ఎక్కువమంది హూవర్ వైపే ఉన్నవాళ్లు, 1936 కల్లా డెమోక్రాట్ రూజ్‌వెల్ట్ వైపు వచ్చేశారు. 1964లో పౌరహక్కుల చట్టాన్ని సెనేట్‌లో వ్యతిరేకించిన గోల్డ్‌వాటర్ రిపబ్లికన్ అభ్యర్థి కావడంతో మిగిలినవాళ్లలోనూ చాలామంది జారిపోయారు.

లాటినోల (లాటిన్ అమెరికా మూలాలవాళ్లు; హిస్పానిక్‌లు అన్నా దాదాపు వీళ్లే) దగ్గరే తల తిరుగుతోంది. టెక్సస్‌లోని స్టార్ కౌంటీలో దాదాపు అందరూ హిస్పానిక్‌లే. అక్కడ 2016లో డెమోక్రాట్ హిల్లరీ ఆధిక్యం సుమారు 60 శాతం పాయింట్లు, 2020లో బైడెన్‌కి 5, 2024లో ఏకంగా ట్రంప్ గెలిచారు. ఇంతకీ పాత ఓటర్లే మారారా, లేక వాళ్లు ఇంట్లో కూర్చుంటే కొత్తవాళ్లు వచ్చి వేశారా? కౌంటీ లెక్కల్లో అది కనపడదు కదా. సర్వేలు చూద్దామంటే అవీ కలవవు. 2020లో ట్రంప్‌కి పడిన లాటినో ఓట్లు ఎగ్జిట్ పోల్‌లో 32 శాతం, ఓటేశారో లేదో రికార్డుల్లో సరిచూసుకున్న ప్యూ పరిశోధన సంస్థ సర్వేలో 38. (మా గైడ్ "ఏదో ఒకటి వాడు" అన్నారు. నాకు మింగుడుపడలేదు.)

ఒకే ఓటరును వరుస ఎన్నికల్లో అడిగిన ప్యానెల్ సర్వే డేటా ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది? క్యూబన్, మెక్సికన్, ప్యూర్టోరికన్ మూలాలవాళ్లను విడదీసి చూపేదైతే ఇంకా మంచిది.