తాబేళ్ల సంగతి జాలర్లకు ఎలా చెప్పాలి?

ప్రశ్న – ఇసుకమేట
సముద్ర జీవావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించి, ఏడాదిగా శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల సంరక్షణలో పనిచేస్తున్నాను. తెల్లవారకముందే ఇసుకలో జాడ పట్టి, నూరుకు అటూ ఇటూగా ఉండే గుడ్లను తీసి, కంచె లోపల అదే లోతున పాతిపెట్టడం నేర్చుకున్నాను గాని, ఊళ్లో మాట్లాడడమే చేతకావడం లేదు. మొన్న రామాలయం అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఈ జీవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉందని చెప్పబోయాను. వల అల్లుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తకుండానే, "మా వల చిరిగితే ఏ షెడ్యూలులో రాస్తారమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. ఎక్కడ మొదలుపెట్టి ఉండవలసింది?

జవాబు – పాత అలలు
ఆయన వేసినది వెటకారం కాదు, అసలు ప్రశ్న. మహారాష్ట్రలో 2018 చివరి నుంచి, వలలో చిక్కిన రక్షిత జీవిని వల కోసి వదిలిపెట్టిన జాలరికి, ఫొటో చూపితే 25,000 రూపాయల వరకు పరిహారం ఇస్తున్నారు. ఇక తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి కాబట్టి, మరపడవ వెనుక ఈడ్చుకెళ్లే ట్రాలు వలలో గంటల తరబడి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. వల మధ్యలో కమ్మీల చట్రం అమరిస్తే, రొయ్యలు సందుల్లోంచి వెనుక సంచిలోకి పోతాయి, తాబేలు పైద్వారం గుండా బయటపడుతుంది. దానితో పాటు కొన్ని చేపలు కూడా పోతాయని దాచకుండా చెప్పండి.

జవాబు – గంగమ్మ బిడ్డ
నేను జాలరి ఇంట పుట్టినవాణ్ణి. పై జవాబులోని చట్రం మరపడవల వాళ్లకే గాని, మోటారు బిగించిన చిన్న పడవలతో వేటకు వెళ్లే మావంటివాళ్లకు పనికిరాదు. ఊరికొచ్చే వారిలో చాలామందికి ఈ తేడా తెలియదు. తాబేలు పడితే మా నాన్న కొబ్బరికాయ కొట్టి వదిలేవారు. శ్రీకూర్మం దాపున పుట్టినవాళ్లకు దాని విలువ చెప్పనక్కరలేదు, వల ఖరీదు మాట్లాడితే చాలు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో రండి, తీరిక ఉంటుంది.

ప్రశ్న వేసినవారు – ఇసుకమేట
ఇద్దరికీ కృతజ్ఞతలు. ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలి నిన్న మళ్లీ వెళ్లాను. వల కన్ను ఎంత, కిలో నూలు ధర ఎంత అని అడిగితే, పెద్దాయన పీట జరిపి కూర్చోమన్నారు. గంటన్నర సేపు చెప్పింది ఆయనే.