అప్‌డేట్: గుర్రం అంచు దాటి దూకే బగ్ పోయింది

పైథాన్‌లో చదరంగం ప్రోగ్రాం రాస్తుంటే, కుడి అంచు దగ్గర జీ1 గడిలోని గుర్రం ఏకంగా ఎడమ అంచులోని ఏ3లోకి దూకేస్తోందని పోయిన నెల అడిగాను కదా. అది సరైపోయింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

తప్పు నా బోర్డులోనే ఉంది. 64 గళ్లనూ సున్నా నుంచి ఒకే లిస్టులో పెట్టాను. జీ1 నంబరు 6. గుర్రం ఒక వరస పైకి, రెండు గళ్లు కుడికి వెళ్లాలంటే 8+2, అంటే 10 కలపాలి; కలిపితే 16, అంటే ఏ3. కుడి అంచు ఎక్కడుందో లిస్టుకేం తెలుసు! మీరు చెప్పినట్టే 120 గళ్లకు మార్చాను: పైనా కిందా రెండేసి అడ్డ వరసలు, ఇరుపక్కలా ఒక్కో నిలువు వరస, బోర్డు బయట కాపలా గళ్లుగా. గుర్రం కాపలా గడిలో పడితే ప్రోగ్రాం ఆ ఎత్తు వదిలేస్తుంది.

అసలు మేలు చేసింది మాత్రం ఎత్తులు లెక్కపెట్టి చూడమన్న సలహా. మొదటి స్థితి నుంచి ఇరుపక్షాలవీ కలిపి ఒకటి, రెండు, మూడు, నాలుగు ఎత్తులు ఎన్ని రకాలుగా వేయొచ్చో లెక్కిస్తే వరసగా 20, 400, 8902, 197281 రావాలి. నాకు మూడో అంకె దాకా సరిపోయింది, నాలుగోది ఎక్కువ వచ్చింది. రెండు రాత్రులు టెన్షన్. చివరికి దొరికింది: రాజుకు చెక్ ఉన్నా దాన్ని పట్టించుకోని ఎత్తులనూ లెక్కేస్తున్నాను. ఇప్పుడు ప్రతి ఎత్తూ వేసి, రాజు మీద దాడి ఉంటే వెనక్కి తీసేస్తున్నాను. 197281 కనబడగానే ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

ఆన్ పాసాన్ (రెండు గళ్లు దూకి పక్కకు వచ్చిన ఎదుటి బంటును మన బంటుతో వెంటనే చంపే ప్రత్యేక ఎత్తు) ఇంకా రాయలేదు. అది ఐదో ఎత్తులో గానీ లెక్కలోకి రాదు, అక్కడ 4865609 రావాలి. ఈ ఆదివారం దాని మీదే కూర్చుంటాను.