తస్కనీలో వారం: పల్లెలో రైతు ఇల్లా, ఫ్లోరెన్స్‌లో హోటలా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి):
సెప్టెంబర్‌లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మామయ్యగారు ఇటలీలో ఫ్లోరెన్స్ ఉన్న తస్కనీ ప్రాంతానికి వెళ్తున్నాం. పెద్దవాళ్లు శాకాహారులు. మావారు ఫ్లోరెన్స్‌లో హోటల్ అంటున్నారు. నాకేమో అగ్రితురిజ్మోలో, అంటే రైతులు అతిథులకు ఇచ్చే ఇంట్లో, ఉండాలని ఉంది. ఏది నయం?

జవాబు (మిలాన్ నుంచి):
మీవారి మాటే వినండి. పల్లెలో కారు లేకపోతే కదల్లేరు, ఆదివారం చాలా ఊళ్లకు బస్సే ఉండదు. ఆరుగురికీ సామానుకూ తొమ్మిది సీట్ల వ్యాన్ కావాలి. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఫ్లోరెన్స్, సియెనా పాతబస్తీల్లో జెడ్‌టీఎల్ అని, బయటి బండ్లకు ఆంక్షలున్న ప్రాంతం ఉంటుంది. పర్మిషన్ లేని బండి లోపలికెళ్తే కెమెరా నంబర్ పట్టేస్తుంది, ఎన్నో నెలల తర్వాత కూడా జరిమానా ఇంటికొస్తుంది.

మేం ఒకసారి రాత్రి తొమ్మిదింటికి ఓ పొలం ఇంటికి బయల్దేరాం. చివరి రెండు కిలోమీటర్లు కంకర దారి, ఎక్కడా దీపం లేదు. మా నాన్నగారు వెనక సీట్లో ఒక్క మాటా లేకుండా ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఆయనకు ఆ టెన్షన్ పెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధే.

జవాబు (బెంగళూరు నుంచి):
పైన చెప్పినవన్నీ నిజమే. కానీ వాటిలో చాలా వరకు ఇల్లు ఎంచుకునేటప్పుడే తప్పించుకోవచ్చు. ముందు రైల్లో ఫ్లోరెన్స్ వెళ్లి రెండు రాత్రులుండండి. ఊరు వదిలే రోజునే బండి తీసుకోండి, జెడ్‌టీఎల్ బయట. తస్కనీలోనే వాల్ దోర్చా అనే లోయ వైపు, పియెంజా, సాన్ క్విరికో అనే చిన్న ఊళ్లలో ఏదో ఒకదానికి నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో ఇల్లు చూడండి.

ఇటలీలో 1985 నుంచీ అగ్రితురిజ్మోలకు ప్రత్యేక చట్టం ఉంది, 2006లో కొత్తది వచ్చింది. సేద్యం చేసే రైతే అతిథుల్ని పెట్టుకోవాలి, సేద్యమే ప్రధానంగా ఉండాలి. అయినా ఫొటోల్లో ఈతకొలను తప్ప పొలం కనిపించని ఇళ్లున్నాయి. పిల్లల్ని అంత దూరం తీసుకెళ్లేది దానికోసం కాదు కదా! 'సెప్టెంబర్‌లో మీ పొలంలో ఏం పని ఉంటుంది?' అని మెయిల్ పెట్టండి. ద్రాక్ష కోతల గురించి నాలుగు ముక్కలు రాసినవాళ్లను నమ్మండి.

వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి. పార్మిజానో చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు. బయట తింటే 'సెంజా ఫొర్మాజ్జో', అంటే చీజ్ వద్దని చెప్పాలి. మేమున్న చోట ఇంటావిడ తోటలోని వంకాయలు ఇస్తే మా అమ్మ పోపు పెట్టింది. ఇంగువ వాసనకు ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ ఇంగువ డబ్బా మూత తీసి ఆవిడ చేతికిచ్చింది. మర్నాడు పొద్దున్న ఆవిడ ఉప్పులేని తస్కనీ రొట్టె మీద తమ చెట్ల ఆలివ్ నూనె పోసి, పైన ఉప్పు చల్లి తెచ్చింది. హోటల్లో ఇది దొరకదు.

మిలాన్ నుంచి మళ్లీ:
రెండు చోట్లా ఉండమంటే సరే. నా దృష్టిలో పల్లెలో మూడు రాత్రులు చాలు, పిల్లలకు విసుగొస్తుంది. ఎన్ని రోజులున్నా సరే, చీకటి పడకముందే చేరండి.

ప్రశ్న అడిగినవారు:
మావారికి చదివి వినిపించాను. మూడా, ఐదా అన్నది ఇంకా తేలలేదు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కింది అంతస్తులో గదులున్నాయా అని ఇప్పుడే రెండు ఇళ్లవాళ్లకు రాశాను, పొలం పనుల ప్రశ్న కూడా కలిపి.