అన్నభేదిలో ‘భేది’ అంటే ఏంది?

పదాలపోగు (చిత్తూరు): నాటుమందుల అంగట్లో పొట్లం మీద ‘అన్నబేది’ అని రాసిస్తారు. పచ్చగా, ఉప్పురాయిలా ఉంటుంది. భేది అంటే విరేచనం కదా, ఇది భేదిమందా? కలంకారీవాళ్ళు నల్లగీతలకు వాడే ‘కసిం’ ద్రవం కూడా ఇదేనని ఒకరన్నారు. నిజమేనా?

పాతనిఘంటువు (తిరుపతి): భేదిమందు కాదండీ. శబ్దభేది, మర్మభేది, పాషాణభేది వరసలోది ఈ మాట. వాటిలో భేది అంటే ‘ఛేదించేది’. కొండపిండాకును పాషాణభేది అంటాం, రాయి విరేచనం చేసుకుంటుందని కాదు గదా! అట్లాగే అన్నాన్ని, అంటే తిన్నదాన్ని, విడగొట్టేది అన్నభేది. అరవంలోనూ ఇదే మాట ఉంది. ఆ లిపిలో ప, బ, భలకు ఒకటే అక్షరం, పైగా ‘బేది’ అంటే అక్కడా విరేచనమే. సరిహద్దు ఊళ్ళలో ఒత్తు రాలిపోయి అర్థం పక్కకు జరగడానికి అది చాలు.

రసశాల: వైద్యం వైపునుంచి ఒక మాట. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉప్పు. ఐరన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో చాలామందికి మలబద్ధకం వస్తుంది, మలం నల్లబడుతుంది. కొందరికి వికారం, విరేచనాలూ కావచ్చు, మోతాదు మించితే వాంతులు, విరేచనాలు ముదురుతాయి. అవి కడుపు లోపలి పొర కాలడం వల్ల వచ్చేవి, మందు గుణం కాదు.

సంస్కృతంలో దీని పేరు కాసీసం. రసరత్నసముచ్చయం అనే ఆయుర్వేద గ్రంథం దీన్ని గంధకం, గైరికం, తాలకాలతోపాటు ఎనిమిది ఉపరసాల్లో, అంటే మందులకు వాడే ఒక తరగతి ఖనిజాల్లో, చేర్చి, వాలుకా కాసీసం, పుష్పకాసీసం అని రెండు రకాలు చెప్పింది. శుద్ధికి గుంటగలగరాకు రసం వాడతారు. కాసీసాన్ని గుడ్డలో మూటగట్టి, రసం పోసిన కుండలో వేలాడదీసి, ఒక యామం, అంటే 3 గంటలు, ఉడికిస్తారు. తమిళుల సిద్ధవైద్యంలో పాండురోగానికి (రక్తహీనతకు) ఇచ్చే అన్నబేది సెందూరం వేరు. అది నిమ్మరసంతో నూరి, బిళ్ళలు చేసి, పుటం పెట్టేది. బాగా కాలితే గంధకం ఆవిరిగా పోయి ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ మిగులుతుంది. ‘సెందూరం’ అన్నది ఆ రంగును బట్టే.

పదాలపోగు: మరి గనిలో దొరికేదీ అంగట్లోదీ ఒకటేనా?

రాళ్ళబడి: పదార్థం ఒకటే, పుట్టుక వేరు. గనిలోదాన్ని మెలాంటరైట్ అంటారు. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ రాయికి తేమా గాలీ తగిలితే ఫెర్రస్ సల్ఫేటూ గంధకామ్లమూ పుడతాయి. ఆ నీళ్ళు గని గోడల మీద ఆరినచోట పచ్చటి పొరగా, ఊడల్లా పేరుకుంటుంది. కాఠిన్యం 2, గోటితో గీరితే గీత పడుతుంది. వాన తగిలితే కరిగిపోతుంది కాబట్టి బయట నిలవదు. అంగట్లోది ఎక్కువగా కార్ఖానా సరుకు.

బరువులో ఇనుము 20 శాతం, నీరు 45 శాతం. పొడిగాలిలో నీరు వదిలి తెల్లపొడి అవుతుంది. తడిగాలిలో పైన పసుపు, గోధుమరంగు పెచ్చు కడుతుంది, అంటే ఇనుము మరింత తుప్పుదశకు పోయిందని. కాగితం పొట్లం పనికిరాదు, బిగుతు మూత గాజుసీసాలో పెట్టండి.

మైలుతుత్తంతో (నీలిరంగు రాగి ఉప్పుతో) పొరబడొద్దు. చిటికెడు నీళ్ళలో కరిగించి, గరుకు కాగితంతో రుద్దిన ఇనపమేకు ముంచండి. మేకుకు ఎర్రటి రాగిపూత పడితే అది మైలుతుత్తం. మరోచోట కరక్కాయ కషాయం చుక్క వేస్తే అన్నభేది నల్లబడుతుంది.

కాళహస్తి కలం: ఆ నలుపే మా దగ్గర సంగతి. కసిం అన్నభేది కాదు. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతాం. బెల్లం పులిసి వెనిగర్ అవుతుంది, అది ఇనుమును కరిగిస్తుంది. ముందే కరక్కాయపొడి, బర్రెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద కలం పెట్టగానే గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు రంగును పాకనియ్యదు.

మూడు వారాలు ఎందుకని కొందరు అన్నభేది నీళ్ళు వాడతారు. నలుపు పడుతుంది, కాని గుడ్డలో గంధకామ్లం మిగిలిపోతుంది. కొన్నేళ్ళకు నల్లగీతల వెంబడే నూలు చివికి, బొమ్మ అంచులు చిరుగుతాయి. కరక్కాయ, అన్నభేది సిరాతో రాసిన పాతకాగితాలు అక్షరాల చోట చిల్లులు పడేదీ ఇందుకే. వెనిగర్ అయితే ఆవిరైపోతుంది.

పాతనిఘంటువు: పదార్థం వేరైనా కసిం మాట కాసీసం నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. ఇనపనలుపు అన్నదానికల్లా ఆ పేరు పెట్టి ఉంటారు. హిందీ కసీస్ మాత్రం అన్నభేదే.

రసశాల: పొట్లం విప్పి నాలిక మీద వేసుకోవద్దన్నా. గ్రాములో 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. కిలో బరువుకు 60 మిల్లీగ్రాములు దాటితే ప్రాణాపాయం, అంటే పదికిలోల బిడ్డకు 3 గ్రాములు చాలు. రంగుపనికి తెచ్చిన సరుకులో ఇతర లోహాలూ ఉండొచ్చు. గర్భిణులకిచ్చే మాత్రలో ఉండే ఇనుము 60 మిల్లీగ్రాములే. పిల్లలు మింగారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా, పొట్లంతో సహా ఆసుపత్రికి తీసుకుపోండి.